ఓడిన యుద్ధానికి విగ్రహం పెట్టు విధానం

గెలిచినవాడికి విగ్రహం పెట్టడంలో పనితనం ఏముంది? ఓడినవాడికి పెట్టాలి. అదీ ఓడించిన దేశంలోనే, కోర్టు గుమ్మం ముందు, న్యాయం కోసం వచ్చే బానిసల మనవలు తలెత్తి చూసేచోట పెట్టాలి. ఈ విద్యలో అమెరికా దక్షిణాది రాష్ట్రాలను మించినవాళ్లు లేరు. అవి అమెరికా నుంచి విడిపోయి కట్టుకున్న, ఉత్తరాదితో యుద్ధంలో ఓడిన కాన్ఫెడరసీ ప్రభుత్వం బతికిందే 1861 నుంచి 1865 దాకా. దాని విగ్రహాలు మాత్రం కొన్నిచోట్ల నూరేళ్లు దాటాయి. కూడలికో విగ్రహం పెట్టుకునే మనం కూడా ఇంత దూరం ఆలోచించలేదు.

ముందుగా, తొందర పనికిరాదు. కాన్ఫెడరసీ సేనల్ని నడిపిన జనరల్ లీ విగ్రహం వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో వెలిసింది 1890లో, షార్లట్స్‌విల్‌లో 1924లో. ఊరూరా సైనికుల బొమ్మలు ముమ్మరంగా లేచింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, నల్లవాళ్ల ఓటును చట్టాలతో ఊడబెరికిన కాలంలో. రెండూ ఒకే రోజుల్లో జరగడం కేవలం కాకతాళీయం అని గట్టిగా నమ్మాలి. ఖర్చుకు జడవనక్కర్లేదు. కనెక్టికట్‌లో, అంటే సాక్షాత్తూ శత్రువు రాష్ట్రంలో, ఒక కంపెనీ జింకు సైనికుణ్ణి కేటలాగులో పెట్టి అమ్మింది. బెల్టు బిళ్ల మీద ‘యూఎస్’ ఉంటే ఉత్తరాది వీరుడు, ‘సీఎస్’ ఉంటే దక్షిణాది వీరుడు. మూతి, మీసం అవే. జింకుతో ఒక చిక్కుంది. లోపలంతా డొల్ల కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ తన బరువుకి తనే కుంగి, అతుకులు విచ్చుకుంటాయి. జింకు కాకపోయినా పూచీ లేదు. 2017లో డర్హమ్‌లో జనం పట్టీ తగిలించి ఒక్క లాగు లాగితే సైనికుడు నేలకు తగిలి రేకు డబ్బాలా చితికిపోయాడు.

దిమ్మె మీద ఏం చెక్కించాలన్నది అన్నిటికంటే సున్నితమైన పని. శౌర్యం, వారసత్వం, రాష్ట్రాల హక్కులు: ఎన్నయినా చెక్కించండి. బానిసత్వం అన్న మాట మాత్రం ఉలి కింద పడకూడదు. విడిపోతున్నప్పుడు మిసిసిపీ తన ప్రకటనలో, మా వైఖరి పూర్తిగా బానిసత్వంతోనే ముడిపడి ఉందని దాపరికం లేకుండా రాసుకుంది. నల్లవాడు తెల్లవాడితో సమానం కాదన్నదే మా ప్రభుత్వానికి మూలరాయి అని కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానాలో సభ పెట్టి మరీ చెప్పాడు. ఆ కాగితాలింకా భద్రంగా ఉన్నాయి. అందుకే, విగ్రహం తీస్తే చరిత్ర చెరిగిపోతుందని బెంగపడేవాళ్లను గ్రంథాలయం వైపు పోనివ్వకూడదు. యుద్ధపు పుళ్లను మానకుండా రేపుతూ ఉండకపోవడమే మేలని లీ స్వయంగా 1869లో రాసిన ఉత్తరాన్ని కూడా వాళ్ల కంటబడనివ్వకండి.

ఇక రక్షణకు చట్టం. అలబామా 2017లో, నలభై ఏళ్లు దాటిన స్మారకాన్ని కదిలించరాదని చట్టం చేసింది. బర్మింగ్‌హామ్ నగరం కదిలించలేదు, చుట్టూ ప్లైవుడ్ తడిక కట్టింది. రాష్ట్రం కోర్టుకెక్కితే చివరికి తేలింది ఒకే ఒక్క జరిమానా, 25,000 డాలర్లు. ధర తెలిశాక 2020 జూన్ 1 రాత్రి నగరం తొలగింపు మొదలుపెట్టేసింది. ఆ రోజు రాష్ట్రానికి కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ జయంతి సెలవు. టెన్నెసీలోని మెంఫిస్‌ది ఇంకో తెలివి. నగరం ఆస్తి మీద ఉన్న విగ్రహానికే తమ రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది కదా అని, 2017 డిసెంబరులో రెండు పార్కులను ఒక్కొక్కటి వెయ్యి డాలర్లకు ఒక సంస్థకు అమ్మేసింది. ఆ రాత్రికే క్రేన్లు వచ్చాయి.

కాబట్టి విగ్రహం పెట్టేటప్పుడే దింపే సంగతీ చూసుకోవాలి. రిచ్‌మండ్ లీ ఎత్తు 21 అడుగులు, బరువు సుమారు 12 టన్నులు. 2021 సెప్టెంబరు 8న దింపి, దారిలో వంతెనల కింద పట్టదని నడుము దగ్గర రంపంతో కోసి రెండు ముక్కలుగా తీసుకెళ్లారు. ఈ విగ్రహాన్ని నిలబెట్టింది నల్లవాడే, సమయం వస్తే తీయడానికీ వాడే ఉంటాడని అక్కడి నల్లజాతి పత్రికా సంపాదకుడు జాన్ మిచెల్ 1890లోనే రాశాడు. 131 ఏళ్ల తర్వాత ఆ కాంట్రాక్టు చేసింది నల్లజాతి యజమాని ఉన్న సంస్థే. షార్లట్స్‌విల్ లీని 2023లో కొలిమిలో కరిగించారు.

అలాగని దిగినవన్నీ దిగినట్టే ఉండవు. వాషింగ్టన్‌లో 2020 జూన్‌లో జనం పడగొట్టిన కాన్ఫెడరసీ జనరల్ ఆల్బర్ట్ పైక్ విగ్రహాన్ని 2025 అక్టోబరులో సర్కారే మళ్లీ దిమ్మె ఎక్కించింది. క్రేను అద్దెకు తీసుకునేవాళ్లు బేరం రానూపోనూ కలిపి మాట్లాడుకుంటే కొంత కలిసొస్తుంది.