సిరోంచలో ‘అభ్యాసం’ అంటే చదువు

తెలంగాణ సరిహద్దునున్న మహారాష్ట్ర ఊళ్లు సిరోంచలోనో దెగ్లూరులోనో మరాఠీ బడికి వెళ్లే తెలుగు పిల్లలు స్టడీకి, ప్రాక్టీస్‌కి తేడా తెలియక తప్పు రాస్తే, వాళ్లకు ఇంగ్లీషు రాదని తేల్చేస్తున్నాం. ఆ తప్పు ఇంగ్లీషులో పుట్టింది కాదు. మనం కొనిచ్చిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో పుట్టింది.

ప్రాక్టీస్ అంటే అభ్యాసం అని నిఘంటువు చెబుతుంది. హైదరాబాదు పిల్లకు అది చాలు. సరిహద్దు పిల్ల ఆ మాటను ఇంట్లో వినదు; ఇంట్లో ‘చదువుకో’, ‘మళ్లా చెయ్యి’ అంటారు. ఆమెకు అది బళ్లో పరిచయమైన మాట. అక్కడ ‘అభ్యాస్ కర’ అంటే పాఠం చదువుకోమని. సాధనకు మరాఠీలో ‘సరావ్’ అనే మాట వేరే ఉంది. అందుకే ‘ఐ ప్రాక్టీస్ హిస్టరీ’ అని ధీమాగా రాస్తుంది. తెలియనిది చదివి తెలుసుకోవడం స్టడీ. తెలిసినదాన్ని చెయ్యి తిరిగేదాకా మళ్లీ మళ్లీ చేయడం ప్రాక్టీస్. చరిత్రకు మొదటిది, చేతిరాతకు రెండోది. లెక్కలకు రెండూ కుదురుతాయి కాబట్టి ఈ జంటను లెక్కల ఉదాహరణతో మొదలుపెట్టకూడదు.

ఎడ్యుకేషన్, ట్రైనింగ్ జంటదీ ఇదే గొడవ. మరాఠీలో ‘శిక్షణ్’ అంటే చదువు, తర్ఫీదుకు ‘ప్రశిక్షణ్’. మనకు శిక్షణే తర్ఫీదు. ‘ఉద్యోగ్’ వాళ్లకు పరిశ్రమ, మనకు కొలువు. జాబ్ రాయాల్సిన చోట ఇండస్ట్రీ వచ్చి కూర్చునేది ఇందువల్లే.

అన్నిటికన్నా నష్టం చేసేది ‘వ్యవసాయం’ అనే మాట. బడి దరఖాస్తులో ‘వ్యవసాయ్’ అన్న గడి తండ్రి వృత్తిని అడుగుతుంది, ఇంగ్లీషులో అది ఆక్యుపేషన్. తెలుగు చెవికి అది సేద్యంలా వినిపిస్తుంది. లారీ నడిపే మనిషి, భూమి లేదు కదా అని అక్కడ గీత పెట్టేస్తే వృత్తి వివరమే లేకుండా పోతుంది. సేద్యానికి మరాఠీ మాట ‘శేతీ’. అగ్రికల్చర్ అనేది ఆక్యుపేషన్ గడిలో రాసే జవాబుల్లో ఒకటి, ఆ గడి పేరు కాదు. ఈ ఒక్క సంగతి తల్లిదండ్రులకు కూడా చెప్పాలి.

ఖాళీ సంగతి మరీ చిక్కు. నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఇప్పటికీ బజార్లో కలిసే నడుస్తాయి. ఉర్దూ ఖాలీ, మన ఖాళీ ఒకటే. మరాఠీలో మాత్రం ‘ఖాలీ’ అంటే కింద. ‘ఖాలీల్ ప్రశ్నాంచీ ఉత్తరే లిహా’ అంటే కింది ప్రశ్నలకు జవాబులు రాయమని. ఖాళీలు పూరించమనాలంటే ‘రికామ్యా జాగా భరా’ అంటారు. బిలో, బ్లాంక్ అనే రెండు మాటలూ తేలిక, కానీ ప్రశ్నపత్రం తొలి పంక్తిలోనే అవి తారుమారైతే ఆపైన తెలిసిన జవాబు కూడా తప్పు చోట పడుతుంది.

బారో, లెండ్ విషయంలో మరాఠీ మీద నింద వేయలేం. అక్కడ ‘ఉసనే ఘేణే, ఉసనే దేణే’, ఇక్కడ అప్పు తీసుకోవడం, అప్పు ఇవ్వడం: రెండు భాషల్లోనూ నామం ఒక్కటే, క్రియ దిక్కు చెబుతుంది. ఇంగ్లీషులో దిక్కుకో క్రియ ఉంది. పుచ్చుకునేవాడు బారో చేస్తాడు, ఇచ్చేవాడు లెండ్ చేస్తాడు. ‘బారో మీ యువర్ పెన్’ తప్పు. ‘కెన్ ఐ బారో’, ‘కెన్ యూ లెండ్ మీ’ అని మొత్తంగా నోటికి పట్టించాలి. బారో వెనక ఫ్రమ్, లెండ్ వెనక టు. ఉన్నచోటే వాడుకునే వాటికి, స్నానాలగది లాంటి వాటికి, ఇవి రెండూ పనికిరావు, యూజ్ అనాలి. మన తెలుగు పట్టించుకున్నది వేరే తేడా: తిరిగి ఏం ఇస్తాం అన్నది. నగ ఎరువు తెస్తే, అంటే వాడుకుని ఇస్తామని తెస్తే, ఆ నగే ఇవ్వాలి, చేబదులు డబ్బుకు అవే నోట్లు అక్కర్లేదు. ఇది పిల్లలకు చెప్పి తీరాలి. ప్రతి భాషా తనకు ముఖ్యమైన చోటే గీత గీస్తుందని దీనితో ఇట్టే బోధపడుతుంది.

మహారాష్ట్రలో 2000 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు ఉంది కనుక ఈ పని మూడో తరగతికల్లా మొదలుపెట్టవచ్చు. జంటను ఒకే రోజు పక్కపక్కన పెట్టి నేర్పితే రెండూ పెనవేసుకుంటాయి. ముందు ఒక మాట, అది నాలుగైదు వాక్యాల్లో స్థిరపడ్డాక, కనీసం రెండు మూడు రోజులాగి, రెండోది. పుస్తకంలో ఒంటిమాట అర్థం రాయించొద్దు. ఇంగ్లీషు వాక్యం, దాని కింద ఇంట్లో అనే తెలుగు వాక్యం, దాని కింద బళ్లో అనే మరాఠీ వాక్యం రాయించండి. తర్వాత మాటలు తారుమారు చేసి, ఎక్కడ వాక్యం విరిగిందో పిల్లల చేతే చెప్పించండి. వారానికి ఒక్క జంట చాలు.

మన తెలుగు సంఘాలు ఏటా బహుమతులుగా నిఘంటువులు పంచడం మానేసి, ఇలాంటి వాక్యాలతో చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేయాలని నా అభిప్రాయం. మొదటి పుటలో ‘ఖాళీ’ అనే మాట ఉండాలి, రెండో పుటలో ‘వ్యవసాయం’.