సవరణ: మొన్నటి కోత మిషన్ పోస్టులో తప్పులు

మా చిన్నాన్న పొలంల వరికోత మిషన్ ఎక్కి డ్రైవరన్న పక్కన కూసోని తిరిగిన అని రాసిన కదా, అందుల డ్రమ్ము వరి కోస్తదన్న, అది తప్పు. కోసేది ముందున్న కత్తెర బ్లేడు, పైన గిర్రున తిరిగే రీలు వరిని దాని మీదికి వంచుతది, డ్రమ్ము గింజ రాలగొడ్తది, తర్వాత జల్లెడలు, ఫ్యాన్ గాలికి తాలు పోయి వడ్లు ట్యాంకులకు, గడ్డి ఎనకకు.

ఇంకోటి, ట్యాంకు నిండంగనే ట్రాక్టర్ల పోసి సీదా కొనుగోలు సెంటర్ల కాంటా పెట్టొచ్చన్న. కుదరదు! తేమ 17 శాతం దాటొద్దు, మిషన్ కోసిన వడ్లు పచ్చిగ ఉంటయి, టార్పాలిన్ల మీద ఆరబోసి కాళ్లతోటి తిరగేయాల్సిందే. మా చిన్నమ్మ అది చదివి "నువ్వే వచ్చి ఆరబెట్టురా" అన్నది.

వరి నూగుకు ఒళ్లు దురద పెడ్తదని రాసింది మాత్రం నిజమే, కాలర్ల ఇంకా నూగు ఉంది.