సౌండ్ రాకపోతే ఫార్మాట్ కొట్టించమంటున్న ఆ మెసేజ్ తప్పు

‘కంప్యూటర్‌లో సౌండ్ రాకపోయినా, గరగరమన్నా అది హార్డ్‌వేర్ కాన్‌ఫ్లిక్టే. మదర్‌బోర్డు సౌండూ గ్రాఫిక్స్ కార్డు సౌండూ ఒకే ఐఆర్‌క్యూ నంబరు కోసం కొట్టుకుంటాయి. బయోస్‌లో ఒకటి ఆపేయండి, లేదంటే ఫార్మాట్ కొట్టించండి.’ గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. బ్రాడీపేటలో సిస్టమ్‌లు బాగుచేసే నా దగ్గరికి, ఇది నమ్మి ఫార్మాట్ కొట్టించుకున్నాక కూడా సౌండ్ రాక జనం వస్తున్నారు.

ఐఆర్‌క్యూ అంటే, కంప్యూటర్‌లో ఒక్కో భాగం ప్రాసెసర్‌ని పిలవడానికి వాడే నంబరు. దాని కోసం తగాదా ఒకప్పుడు నిజమే. 1990లలో ఐఎస్ఏ అనే పాతరకం స్లాట్‌లో పెట్టే సౌండ్ బ్లాస్టర్ కార్డుకి మామూలుగా 5 గానీ 7 గానీ ఇచ్చేవాళ్లు. ప్రింటర్ పోర్టూ 7 మీదే ఉండేది. మొత్తం ఉన్నవే 16 నంబర్లు. రెండూ ఒకే నంబరు మీద పడితే పాట ఆగిపోయేది, ఒక్కోసారి సిస్టమే బిగుసుకుపోయేది. తర్వాత పీసీఐ అనే కొత్తరకం స్లాట్ వచ్చాక ఒకే నంబరును ఇద్దరు ముగ్గురు పంచుకునే వీలు కలిగింది. కాబట్టి విండోస్‌లో భాగాలన్నిటి జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో రెండింటికి ఒకే నంబరు కనబడితే అది జబ్బు కాదు. నిజంగా చోటు చాలకపోతే పసుపు గుర్తు పడుతుంది, తెరిచి చూస్తే కోడ్ 12 ఉంటుంది.

ఇక రెండు సౌండ్లు కొట్టుకోవడం. అరండల్‌పేట నుంచి ట్యూషన్లు చెప్పే టీచరుగారు సీపీయూ పట్టుకుని వచ్చారు. ‘రెండు కార్డులు కొట్టుకుంటున్నాయట బాబూ, ఫార్మాట్ కూడా చేయించాను’ అన్నారు. ఆమె కొత్తగా హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ పెట్టుకున్నారు. విండోస్ సౌండును ఆ మానిటర్‌కి పంపుతోంది, దానికేమో స్పీకర్లే లేవు! కింద స్పీకర్ గుర్తు నొక్కి, లిస్టులో రియల్‌టెక్, అంటే మదర్‌బోర్డు సౌండ్, ఎంచుకున్నాను. అంతే, పాట వచ్చింది. కానీ డెస్క్‌టాప్ మీద దాచుకున్న తొమ్మిదో తరగతి లెక్కల రికార్డింగులు ఫార్మాట్‌లో పోయాయి. ఆవిడ మొహం చూశాకే ఇది రాయాలనిపించింది.

గరగరలు కూడా అన్నీ ఒకటి కావు. పాట మధ్యలో చిటపటమంటూ తెగుతుంటే, ఏదో డ్రైవర్ (ఒక భాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టుకుంటోందేమో చూడాలి. చాలాసార్లు అది వైఫైది. వైఫై ఆపి వినండి, తగ్గితే ఆ డ్రైవర్ మార్చండి. లాప్‌టాప్‌ని స్పీకర్లకి కలిపినప్పుడు ఆగకుండా ‘హుమ్’ అని వస్తుంటే చార్జర్ పీకి చూడండి. ఆగిందా, అది ఎర్తింగ్ గొడవ. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే తరచుగా తగ్గుతుంది. దయచేసి ఎర్త్ పిన్ మాత్రం విరగ్గొట్టకండి, షాక్ నుంచి కాపాడేది అదే.

ఫార్మాట్‌కి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా సిస్టమ్ ఆన్ చేయండి. అందులో సౌండ్ వస్తే బోర్డు బాగానే ఉంది, తప్పు విండోస్ సెట్టింగుదో డ్రైవర్‌దో. డివైస్ మేనేజర్‌లో సౌండ్ డ్రైవర్ తీసేసి, బోర్డు కంపెనీ సైట్ నుంచి మళ్లీ వేయండి. లినక్స్‌లో కూడా సౌండ్ రాకపోతే యూఎస్‌బీ హెడ్‌సెట్ పెట్టి వినండి. హెడ్‌సెట్‌లో వచ్చి వెనక జాక్‌లో రాకపోతే, అప్పుడు సీపీయూ తీసుకురండి, బోర్డు విప్పి చూద్దాం.