డిక్కీలో కాపురముంటున్న స్టెప్నీ గారికి

మహారాజశ్రీ స్టెప్నీ గారి దివ్యసముఖమునకు,

మా 1972 నాటి రోవర్ 3500 డిక్కీలో, ఎడమ పక్క గోడకు చేరగిలబడి తొమ్మిదేళ్లుగా అద్దె లేకుండా కాపురముంటున్న తమరికి ఆ కారు ఓనరు రాసుకునే మనవి. ఓనరని కాగితాల్లో ఉంది లెండి.

ఈ తొమ్మిదేళ్లలో తమరు రోడ్డు మీద కాలు పెట్టింది లేదు. మిగతా నలుగురూ వానలో, మంచులో, బర్మింగ్‌హామ్ గుంతల్లో పడి అరిగిపోతుంటే, తమరి ఒంటి మీద కొత్త టైరుకుండే రబ్బరు నూగు ఇంకా ఊడనే లేదు. మొన్న వేలితో తడిమి చూశాను, పసిపిల్లాడి చెంపలా ఉంది.

తమరి పేరుతో కూడా నాకు తలవంపులే. ఈ దేశం వచ్చిన కొత్తలో గ్యారేజీలో "స్టెప్నీలో గాలి చూడండి" అన్నాను. "అక్కడ గాలి ఎలా ఉంటే మనకెందుకు? అది లండన్‌లో కదా!" అన్నాడు మెకానిక్. తూర్పు లండన్‌లో ఆ పేరుతో ఒక పేట ఉందట. తమరికి దాంతో చుట్టరికం లేదని, తమరి పుట్టిల్లు వేల్స్‌లోని లనెల్లీ అని నాకు తర్వాత తెలిసింది. 1904లో అక్కడి స్టెప్నీ వీధిలో డేవీస్ సోదరులు తమరికి ప్రాణం పోశారు. అప్పట్లో కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. ఆకులు లేని ఉత్త రిమ్ముకి గాలి టైరు తొడిగి, పంక్చరైన చక్రం పక్కనే బిగించి ఇల్లు చేరేవారు. కన్నవాళ్లు ఆ పేరు ఎప్పుడో మర్చిపోయారు. మనవాళ్లు మాత్రం చక్రంతో ఆగకుండా ఆఫీసుల్లో, పార్టీల్లో, ఆఖరికి సంసారాల్లో కూడా వాడేస్తున్నారు.

సరే, అసలు సంగతికొస్తాను. జూన్‌లో మా అత్తగారు, మావగారు రాజమండ్రి నుంచి దిగుతున్నారని కబురొచ్చింది. రెండు పెద్ద పెట్టెలు, మూడు చేతిసంచులు, వాటిల్లో ఎక్కడో కొత్తావకాయ. డిక్కీ తెరిచి చూస్తే తమరు, తమరి జాకీ, పైగా బ్యాటరీ! 1968లో బానెట్ కింద మూడున్నర లీటర్ల వి8 ఇంజన్ని దూర్చేసరికి బ్యాటరీకి చోటు చాలక, దాన్ని కూడా రోవర్ వాళ్లు డిక్కీలోకే తోలారు. మిగిలిన సందులో మేం సర్దుకోవాలి.

మొదట తమరిని పడుకోబెట్టి పెట్టెలు పైన పెడదామనుకున్నాను. కానీ దారిలో పంక్చరైతే? పెట్టెలన్నీ మోటార్‌వే పక్కన వానలో దించి తమరిని లేపాలి. ఈలోగా మా అత్తగారు గొడుగు కోసం ఒక పెట్టె విప్పుతారు, అది మళ్లీ మూతపడదు.

తర్వాత డిక్కీ మూత మీదికెక్కించాను. సెలవులకు సామాను వేసుకుని వెళ్లేవాళ్ల కోసం ఆ రోజుల్లో కంపెనీవాడే అలాంటి ఏర్పాటు అమ్మేవాడు. చక్రం లేనప్పుడు ఆ చోటు బోసిగా కనబడకుండా గుండ్రటి మూత కూడా ఉండేది. పాత సామాన్ల సంతలో ఆ బోల్టూ బిళ్లా వెతికి పట్టుకుని, ఒక శనివారమంతా ఖర్చుపెట్టి బిగించాను. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి, "ఏమండీ, కారుకి మూపురం మొలిచింది" అంది. అది భరించాను. మూత ఎత్తగానే తమరి బరువుకి అది దిగొచ్చి నడినెత్తిన కొట్టిందే, దాన్ని భరించలేకపోయాను.

వెనక సీట్లో కూడా కూర్చోబెట్టాను, జ్ఞాపకముందా? బెల్టు కట్టి వీధి చివరిదాకా తిప్పి తెచ్చాను. ఎదురింటి ముసలాయన చెయ్యూపాడు. నాకో తమరికో తెలియలేదు. కానీ వెనక సీటు సరిగ్గా ఇద్దరికే కొలత తీసి కుట్టినట్టుంటుంది. తమరు కూర్చున్నది మావగారి చోటు.

మా చిన్నప్పుడు పాడేరు వైపు సర్వీసు జీపుల్లో తమరి మీద ఇద్దరు కాలు పెట్టి వేలాడేవారు. జీపు వెనక తమరొక అరుగు. ఇక్కడ ఆ మర్యాద తమరికి దక్కదు, పోలీసులు ఊరుకోరు.

తమరి జ్ఞాతుల కాపురాలు కూడా విచారించాను. సిట్రోయెన్ డీఎస్‌లో రేడియేటరు ముందు ద్వారపాలకుడిలా ఉంటాడు. రష్యావాడి లాడా నీవాలో ఇంజన్ నెత్తి మీద, పొయ్యి మీద పెనంలా. బ్రిస్టల్ 405లోనైతే ముందు మడ్‌గార్డులో తలుపుతో సహా సొంత గది, ఎదుటి మడ్‌గార్డులో బ్యాటరీ గారికి ఇంకో గది, జమీందారీ ఏర్పాటు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్లోని ఆయన్ని చూస్తేనే నాకు ముచ్చటేసింది. ముందు బానెట్ కింద పడుకునే, తన ఒంట్లో గాలితో అద్దం కడిగే నీళ్లు చిమ్మించేవాడు. తమరి వంశం మొత్తానికి ఉద్యోగం చేసినవాడు ఆయనొక్కడే.

అసలు తమరే అక్కర్లేకుండా చేద్దామని డన్‌లప్ వాళ్లు 1970లలో డెనోవో అని ఒక టైరు తెచ్చారు, గాలి పోయినా కొంత దూరం నడిచేది. మా రోవర్ రకానికి కూడా ఇచ్చారు. ఇప్పుడు ఆ టైర్లు దొరకడం గగనం. తమరు మాత్రం ఇంకా ఉన్నారు.

చివరికి తెగించాను. స్పేర్ చక్రం ఉండి తీరాలని ఈ దేశపు చట్టం కూడా అడగదు. విమానం దిగే రోజు తెల్లవారుజామున తమరిని పెరట్లో షెడ్డుదాకా దొర్లించి, పాత దుప్పటి కప్పి, తాళం వేసి హీత్రో బయల్దేరాను. పెట్టెలన్నీ దర్జాగా పట్టాయి. కానీ తిరుగు ప్రయాణంలో వేగం గంటకు నలభై ఐదు మైళ్లు దాటితే ఒట్టు! ప్రతి చప్పుడూ పంక్చరే. లారీలన్నీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి. "బాబూ, బండి మెల్లిగా నడుపుతారు, బుద్ధిమంతులు" అని వెనకనుంచి మా అత్తగారు మెచ్చుకున్నారు. నాలుగు టైర్లూ పువ్వుల్లా ఇల్లు చేర్చాయి.

మర్నాడు షెడ్డు తాళం తీశాను. దుప్పటి కింద తమరు పిండి తీసిన జంతికల గొట్టంలా చప్పబడి ఉన్నారు. దొర్లించేటప్పుడు షెడ్డు గడప దగ్గర మేకు దిగింది. తొమ్మిదేళ్లలో తమరు నేల మీద నడిచింది ఆ ఇరవై అడుగులే.

ప్రస్తుతం తమరు షెడ్డు ముందు ఎండలో పడుకుని ఉన్నారు. పైన చెక్క, చెక్క మీద మా అత్తగారి పాత చీర, చీర మీద గుమ్మడికాయ వడియాలు. "ఎంత చక్కటి పీటో, ఎత్తు కూడా సరిపోయింది" అంటున్నారావిడ. చిన్న మబ్బు పట్టినా పరిగెత్తుకొచ్చి తమరి మీద గొడుగు పడుతున్నారు. ఈ ఇంట్లో నాకు ఇంతవరకూ ఎవరూ పట్టలేదు.

ఇట్లు,
తమరి డ్రైవరు

తా.క.: పంక్చరు వేయించాలంటే వడియాలు ఎండాలి. ఇంకో వారమంతా వానలేనట.