బన్ను ఒక్కటి మారిస్తే సరిపోదు
చిరుధాన్యాల బన్ను రావడంతో పెద్ద ఫాస్ట్ ఫుడ్ కంపెనీలు ఆరోగ్యం దారి పట్టాయని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. మెక్‌డొనాల్డ్స్ 2024లో మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐతో కలిసి అలాంటి బన్ను తెచ్చిన మాట నిజమే, మంచి పనే. కానీ కాంబోలో దాని పక్కన వచ్చే ఫ్రైస్, కూల్‌డ్రింక్ అలాగే ఉన్నాయి కదా! మాది ఒడిశాలోని రాయగడ. చోళ్లు, అంటే రాగులు, మాకు కొత్త కాదు. పొద్దున్నే చోడి అంబలిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని పనికి పోయేవాళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్స్ మిషన్ అనే ప్రభుత్వ చిరుధాన్యాల పథకం వల్ల ఆ పంటకు మళ్లీ కాస్త విలువ వచ్చింది. మా పిల్లలు మాత్రం విశాఖ వెళ్తే బర్గరే అడుగుతారు, కాదనలేం. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో క్యాలరీలు చూపించాలని 2022 నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన అమల్లో ఉంది. మొన్న ఒక చోట ఆ అంకె కోసం వెతికితే బోర్డు అడుగున, కళ్లు చిట్లించి చూస్తే తప్ప కనపడనంత చిన్నగా ఉంది. ముందు దాన్ని ధర పక్కన ధరంత పెద్దగా రాయమనండి, ఏది వద్దో పిల్లలకు మేమే చెప్పుకుంటాం.