మిద్దె మీది మహారాజుకు ఒక మనవి

మిద్దె మీద నుంచి వైఫై పంచే మహారాజశ్రీ ఔట్‌డోర్ యాక్సెస్ పాయింట్ గారికి, తిరుపతి బైరాగిపట్టెడ నుంచి మీ కింద కాపురముండే హాస్టల్ యజమాని రాసుకునేది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మీ లైటు వెలిగితేనే కదా మన కుశలం.

మీరు వచ్చిన రోజు గుర్తుందా? ఎండలకు గదుల్లో ఉడికిపోతున్నాం, రాత్రిపూట మిద్దె మీద చదువుకుంటాం, వైఫై పెట్టించండి అని పిల్లలు అడిగారు. అంత పైకి ప్లగ్ పాయింట్ లాగడానికి ఎలక్ట్రీషియన్ చెప్పిన రేటు విని మంచినీళ్లు తాగాను. మిమ్మల్ని బిగించడానికి వచ్చినాయన మాత్రం "ప్లగ్గెందుకు స్వామీ, నెట్టు వచ్చే వైర్లోనే కరెంటూ వస్తుంది" అన్నాడు. మెట్ల కింద ఒక నల్ల డబ్బా పెట్టాడు. పేరు ఇంజెక్టర్. మీకు సెలైన్ ఎక్కించేది అదే. దానికున్న రెండు రంధ్రాలూ కవల పిల్లలు. ఒకటి లాన్, నెట్టు లోపలికి వచ్చేది. ఒకటి పీఓఈ, నెట్టూ కరెంటూ కలిసి మీ దగ్గరికి పోయేది. ఆయన వైర్లు తారుమారుగా గుచ్చి, నిచ్చెనెక్కి, కళ్లు తెరవలేదని సగం పూట మిమ్మల్నే తిట్టాడు. సరిచేశాకా మీరు తెరవలేదు. డబ్బా 24 వోల్టులది, మీరేమో 48 అడిగే వంశం. డబ్బా మార్చాకే కళ్లు తెరిచారు.

మీ భోజనం లెక్క కూడా నేర్చుకున్నాను. నెట్టు వైర్లో కరెంటు పంపడానికి 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం కింద నుంచి 15.4 వాట్లు పంపితే పైన మీకు దక్కేది 12.95. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ పూజారి వైరు, ఆయన వాటా ముందే రాసిపెట్టారు. అది మంచి రాగి వైరుకు. నేను కొన్నది చవక సరుకు. నూరు మీటర్ల దాకా లాగొచ్చట, మాది డెబ్బయ్యే కదా అని ధీమా. పగలంతా బాగుండేవారు. రాత్రి తొమ్మిదికి నలభై మంది పిల్లలు ఒక్కసారిగా మీద పడగానే మీకు ఆకలి పెరిగి, వైర్లో వోల్టేజీ పడిపోయి, సొమ్మసిల్లేవారు. లేచేవారు. మళ్లీ పిల్లలు, మళ్లీ సొమ్మ. ఒకరోజు విసుగొచ్చి వైరు కొస కోసి బ్లేడుతో గీకాను. పైన ఎర్రగా పూత, లోపల తెల్లగా అల్యూమినియం. గిల్టు నగ!

మీ ఉదారబుద్ధి గురించి కూడా చెప్పాలి. ఎత్తు పెడితే దూరం పోతుందని ఇరవై అడుగుల గొట్టం మీద కూర్చోబెట్టాం. మీ తరంగాలు వడ మాదిరిగా చుట్టూ పరుచుకుంటాయట. నడిమి చిల్లు సరిగ్గా మా మిద్దె మీద పడింది. వడ ఎదురు టీ అంగడికి పోయింది. అక్కడ బెంచీ మీద కూర్చున్నవాడికి నాలుగు గీతలు, నెలనెలా బిల్లు కట్టే నాకు ఒకటి. మా పిల్లలే అక్కడికి పోయి టీ తాగుతూ చదువుకుంటున్నారు. అంగడాయన నాకు మాత్రం టీకి డబ్బులు తీసుకోడు, అది వేరే విషయం.

నవంబరు వానలకు నీళ్లు వైరు వెంబడి జారి నేరుగా మీ నోట్లోకే వచ్చాయి. వైరును మీ కింద కాస్త వేలాడేలా వంపు తిప్పి ఉంటే ఆ చుక్కలు అక్కడే రాలిపోయేవి. ఆ వేలాడే వంపు ఇప్పుడు పెట్టించాను. కోతులకు ఉయ్యాల దొరికింది.

సరే, అసలు రాగి వైరు వేయించాను. అయినా సాయంత్రం ఐదయ్యేసరికి మీరు గుటుక్కుమంటున్నారు. నాలుగు రోజులు నిచ్చెనెక్కి దిగాను. ఐదోరోజు ఎందుకో మెట్ల కింద తొంగిచూస్తే మీ డబ్బా ప్లగ్గు నేల మీద ఉంది. దాని చోట్లో గ్రైండరు ప్లగ్గు. పక్కనే ఇడ్లీ పిండి రుబ్బుతూ మా అమ్మ.

"ఆ నల్లది ఊరికే వేడెక్కుతా ఉండాది నాయనా, కరెంటు దండగని తీసేసినా" అంది.

ఆమెకు 802.3 గురించి చెప్పే ధైర్యం నాకు లేదు. పిండి రుబ్బడం అయ్యేదాకా మీరే రోజూ ఒక్కపొద్దు ఉండగలరని ప్రార్థన.

ఇట్లు,
మీ ఒంటి గీత భక్తుడు