గేరు రాడ్డు గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ గేరు రాడ్డు గారి దివ్యసముఖమునకు, గోదావరి డెల్టాలో లోడు లారీలు తోలేవాళ్ళం, వాటి కింద దూరి బోల్టులు విప్పేవాళ్ళం కలిసి నమస్కరించి రాసుకున్న అర్జీ. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమసమాచారాలు వేరే రాసి పంపక్కర్లేదండి. రావులపాలెం సెంటర్లో తమరు ఫస్టులో పడేటప్పుడు చేసే చప్పుడు ఏటవతల జొన్నాడ దాకా వినపడుతూనే ఉంది.

ఎడమచేత్తో ఏదిచ్చినా తప్పుపట్టే ఊళ్ళు మావి. తమరికి మాత్రం మొదటినుంచీ ఎడమచెయ్యే అందిస్తున్నాం. స్టీరింగు కుడిపక్కన ఉండిపోవడం వల్ల జరిగిన అపచారమే గానీ గౌరవం లేక కాదు. గౌరవమే లేకపోతే నెత్తిన పూసల టోపీ, మెడలో రంగురంగుల కుచ్చులు ఎందుకు కడతామండి?

విషయానికొస్తాం. తమరు మునుపటికన్నా సులువైపోయారని, చిటికెనవేలితో కదులుతున్నారని కొత్త లారీల కాగితాల్లో గొప్పగా అచ్చేస్తున్నారు. సంతోషం. ఆ సులువు ఎవరి నెత్తిమీద పెట్టారో కూడా ఒక ముక్క అచ్చేసుంటే ఇంకా సంతోషించేవాళ్ళం.

తొమ్మిది గేర్ల బాక్సునే తీసుకోండి. విప్పితే ముందు గదిలో ఉండేవి నాలుగు గేర్లు, ఒక క్రాలరు (పాకినట్టు నెమ్మదిగా పోయే గేరు), ఒక రివర్సు. వెనక గదిలో ప్లానెటరీ సెట్టు, అంటే నడిమి పళ్ళచక్రం చుట్టూ చిన్నచక్రాలు తిరిగే అమరిక. పై నాలుగు గేర్లకి, అంటే హై రేంజిలో, ఆ సెట్టు వచ్చిన చుట్లను వచ్చినట్టే వదిలేస్తుంది, కింది నాలుగింటికి, అంటే లో రేంజిలో, 3.478 రెట్లు తగ్గించి పంపుతుంది. బాగా వాడుకలో ఉన్న ఒక బాక్సులో ఆ నాలుగు నిష్పత్తులూ (బయటికి ఒక చుట్టు రావడానికి ఇంజను తిరిగే చుట్లు) 2.538, 1.806, 1.335, 1.000. వీటినే 3.478తో గుణిస్తే 8.827, 6.281, 4.643, 3.478 వస్తాయి. నాలుగిళ్ళను రెండేసి వాటాలు చేసి ఎనిమిది కాపురాలు పెట్టారన్నమాట. అందరికన్నా కింద 12.73తో క్రాలరు. ఇసుక ర్యాంపులోంచి నిండు టిప్పరు ఏటిగట్టు ఎక్కాలంటే ఆ క్రాలరే దిక్కు. లెక్క కట్టిన ఇంజనీరు గారికి రెండు చేతులా దండం, అందులో ఎడమది కూడా ఉంది.

ఇంతా చేసి, ఏ వాటాలో ఉన్నామో గుర్తుపెట్టుకునే పని మాత్రం మాకు వదిలేశారు. గేర్ల చోట్లు హెచ్ అక్షరంలా ఉండి, ఒక హెచ్ మీదే ఇంకో హెచ్ వేసిన బాక్సుల్లో 1, 5 ఒకే ఇల్లు. 2, 6 ఒకే ఇల్లు. తమరు నిలబడ్డ చోటు చూసి గేరు ఏదో చెప్పలేం. తలకాయ దగ్గరున్న బుల్లి మీట పైకుందో కిందికుందో వేలితో తడుముకోవాలి. మీట ముందే వేసుకుని, తమర్ని న్యూట్రల్‌కి తెచ్చి, వెనక గది మారేదాకా అరక్షణం ఆగి, అప్పుడు ఇంట్లోకి తొయ్యాలి. ఆ అరక్షణం ఆగనివాడే రేంజి సింక్రో రింగును, అంటే కలవబోయే చక్రాల చుట్లను రాపిడితో సమం చేసే రింగును, అరగదీసేది. రెండు హెచ్‌లు పక్కపక్కన ఉన్నవాటిలో మీట గొడవ ఉండదు, 4 నుంచి 5కి అరచేత్తో పక్కకి ఒక్కటి చరిస్తే రేంజి మారుతుంది. ఒక లారీకి ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు మారే చోట ఇదే మేలని మా అభిప్రాయం. గేరు ఎక్కడుందో కనీసం భుజానికైనా తెలుస్తుంది.

పొరపాటున ఏమవుతుందో తమరికి తెలియనిది కాదు. హైవే మీద 8లో ఇంజను 1500 చుట్లు తిరుగుతోంది. మీట కిందికి పడి, తమరు అదే ఇంట్లోకి మళ్ళీ దిగారనుకోండి, అది 4. చుట్లు 1500 ఇంటూ 3.478, అంటే 5200 పైమాట. డీజిల్ ఇంజను అందులో సగానికే గోల పెడుతుంది. క్లచ్ తొక్కే ఉంచాం కదా అంటే కుదరదండి. క్లచ్ ప్లేటు కూర్చునేది బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మీద. చక్రాలు దాన్ని వెనకనుంచి తిప్పేస్తాయి. ఇంజను బతికినా లైనింగు ముక్కలై హౌసింగులో చెల్లాచెదరవుతుంది. వేగం తగ్గేదాకా లో రేంజిలోకి వెళ్ళనివ్వని వాల్వు ఒకటి కంపెనీ వాళ్ళు పెట్టే పంపిస్తారు. అది లీకైతే పైపు తీసి బోల్టుతో మూసేసి, "ఇంక గొడవ లేదు బాబాయ్" అని చేతులు దులుపుకునే మహానుభావులు మా ఆటోనగర్లలోనూ ఉన్నారు. వాళ్ళ తరఫున ఇందుమూలంగా క్షమాపణలు.

రేంజి మార్చేది తమరు కానే కాదు, గాలి. ఒక సిలిండరు, ఒక పిస్టను, రెండు మూడు ఓ-రింగులు. మా సముద్రపు గాలిలో తడి ఎక్కువ. ఆ తడే ట్యాంకులో నీళ్ళై, కంప్రెసర్ నూనెతో కలిసి తెల్లటి జిగురై, వాల్వులో పేరుకుంటుంది. అప్పుడు వెనక గది అటూ కాక ఇటూ కాక మధ్యలో నిలబడుతుంది. ఇంజను తిరుగుతుంది, లారీ కదలదు. వెనక నలభై బళ్ళు హారన్లు. తిట్లన్నీ తమరికి, తప్పంతా ట్యాంకు కింద నీళ్ళు వదలని క్లీనరుది. రోజూ పొద్దున్న ట్యాంకు కింది వాల్వు లాగి బుస్సుమనిపించాలి, గాలిలో తడి పీల్చే ఎయిర్ డ్రయ్యరు కార్ట్రిడ్జి గడువుకి మార్చాలి. దానికి డబ్బు దండగని ఆపేసిన యజమానే సింక్రో కోనుకి నోరెత్తకుండా వేలకు వేలు కట్టి వస్తాడు.

గేరు పడట్లేదనగానే బాక్సు దింపమనేవాళ్ళ గురించి కూడా తమరి చెవిన వెయ్యాలి. దింపేముందు పావుగంట పని ఉంది. ట్యాంకులో గాలుండగా ఇంజను ఆపి, తమర్ని అన్నిళ్ళూ తిప్పి చూడాలి. పళ్ళు ఎదురెదురై ఎక్కడైనా ఆగితే బండిని జానెడు కదిపి మళ్ళీ చూడాలి. అప్పటికీ బిగుసుకుంటే రోగం ఎక్కువగా బాక్సు బయటే ఉంటుంది: క్యాబిన్ కింద లింకేజీ రాడ్డు వంగడం, బాల్ జాయింటు ఎండిపోవడం, కేబుల్ బండైతే తొడుగు చిరిగి లోపల తుప్పు పట్టడం. ఇంజను ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్టు చెయ్యగానే గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదు. క్లచ్ తొక్కి పది లెక్కపెట్టి రివర్సు వేసి చూడండి. అప్పుడూ అరిస్తే క్లచ్ నూనె లైనులో గాలి దూరిందా, క్లచ్‌కి సాయం చేసే బూస్టరు పూర్తిగా తోస్తోందా, ప్లేటు హబ్బు తుప్పుతో షాఫ్టు మీద బిగుసుకుందా చూడాలి. చేపల లోడుకెళ్ళి వర్షాకాలంలో వారాలు కదలకుండా నిలబడ్డ బండికి ఈ మూడోది మామూలే. నడుస్తూ ఉండగా ఒకే ఒక్క గేరు అరిస్తే ఆ గేరు సింక్రో రింగు అరిగింది. గేరు పడ్డాక ఎగిరి న్యూట్రల్‌కి వచ్చేస్తుంటే గేరుని పట్టి ఉంచే డాగ్ పళ్ళ అంచులు గుండ్రబడ్డాయి, లేదా పైన లాకు బంతిని నొక్కే స్ప్రింగు చచ్చింది. ఇంజను మౌంటింగు రబ్బరు చినిగినా తమరు ఎగురుతారు. అది మాత్రం ఎవరూ చూడరు.

దీనికితోడు తమరి మీద చెయ్యేసి కూర్చునే అలవాటు. చేతి బరువు లివరు కింది కొసకి చేరేసరికి పెరిగి, ఫోర్కు తను జరిపే స్లీవు గాడిని ఆపకుండా రాస్తుంది. తణుకు నుంచి కత్తిపూడి దాకా రాసుకుంటూ పోతే ఫోర్కు ప్యాడ్లు ఏం మిగులుతాయండి? ఆప్యాయత ఉండొచ్చు గానీ మరీ ఇంతా?

నూనె సంగతి ఇంకా చోద్యం. షాపులో పీపా ఒకటే. అదే క్రౌనుకి (వెనక ఇరుసులోని పెద్ద పళ్ళచక్రానికి), అదే బాక్సుకి. క్రౌను కోసం చేసిన జీఎల్-5 నూనెలో ఉండే గంధకపు మందు ఇత్తడి రింగుల్ని తింటుంది, పైగా రింగు కోనుని పట్టుకోవాల్సిన చోట జారిపోయేలా చేస్తుంది. మాన్యువల్‌లో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4యే పొయ్యాలి. అదీ పక్కనున్న ప్లగ్గు కన్నం అంచు దాకా, అంతకు మించి ఒక్క చుక్క వద్దు. ఎక్కువైతే గేర్లు చిలికి చిలికి వేడెక్కించి సీలు దగ్గర కక్కేస్తాయి.

సిద్ధాంతం వంతెన దిగుతూ తమర్ని న్యూట్రల్‌లో పెట్టి డీజిల్ మిగిల్చే మేధావులకు కూడా ఒక కబురు చెప్పాలి. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ బండి గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే డీజిల్ సరఫరానే ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఐడ్లింగుకి తాగుతూనే ఉంటుంది. మిగిలింది డీజిలూ కాదు, పోయింది మాత్రం ఇంజను బ్రేకు.

పోనీ తమర్నే తీసేస్తే అన్న ఆలోచన పై దేశాల్లో ఎప్పుడో వచ్చింది. 1928లో కాడిలాక్ కార్లకి సింక్రోమెష్ వచ్చాక చెవితో గేరు వెయ్యడం కార్లలో మెల్లగా పోయింది. లారీలకి చాలాకాలం పోలేదు. క్లచ్ తొక్కు, న్యూట్రల్, క్లచ్ వదులు, ఇంజను లేపు, మళ్ళీ తొక్కు, గేరు. 7లో 1200 మీద ఉన్నవాడు 6కి రావాలంటే మధ్యలో 1620 దాకా లేపాలి, అదీ చెవి లెక్కన. 2001లో వోల్వో ఐ-షిఫ్ట్ తెచ్చింది. మూడు గేర్లు, ఒక్కోదాన్నీ రెండుగా చీల్చే స్ప్లిట్టరుతో రెండింతలు, రేంజితో మళ్ళీ రెండింతలు, మొత్తం పన్నెండు. ముందు గదిలో సింక్రో రింగులే లేవు. చుట్లు తగ్గాలంటే లోపలి షాఫ్టుకి చిన్న బ్రేకు వేస్తుంది, పెరగాలంటే ఇంజనుని తనే లేపుతుంది, సరిగ్గా కలిసిన క్షణాన డాగ్‌ని తోస్తుంది. అంటే ఏమిటన్నమాట? ముసలి డ్రైవర్లు నోట్లో చుట్ట పెట్టుకుని చేసిన డబుల్ క్లచ్చే, కంప్యూటర్ చేస్తే కొత్త టెక్నాలజీ. ఆయ్!

వెక్కిరించినా నిజం చెప్పాలి, అదే అసలు సులువు. గేర్లు తగ్గలేదు, మేము పెట్టుకోవాల్సిన లెక్క తగ్గింది. మోకాలు మిగులుతుంది, క్లచ్ ప్లేటు ఎక్కువకాలం నిలుస్తుంది. కాకపోతే దాని వాల్వులూ గాలితోనే బతుకుతాయి, సెన్సరు వైరు ఎలుక కొరికితే అంబాజీపేట సంతదారిలో కొబ్బరికాయల లోడుతో అలాగే నిలబడిపోతుంది. అప్పుడు స్పానరు పనికిరాదు, స్కానరు కావాలి. అది ఉన్న చోటుకి బండిని లాక్కెళ్ళాలి. ఆ ఏర్పాటు మా కాలవగట్ల దాకా వచ్చేవరకూ తమరి పదవికి ఢోకా లేదు, నిశ్చింతగా ఉండండి.

ఇట్లు,
తమరి పాలబడ్డ ఎడమచేతులు, ఎడమకాళ్ళు

తా.క.: లింకేజీకి నైలాన్ బుష్‌లు రెండు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాం. తమరు న్యూట్రల్‌లో కూడా బెత్తెడు ఊగడానికి కారణం ఇవి అరగడమే. గ్రీజు రాసి వేయించుకోండి. తీసిన పాతవి "మళ్ళీ పనికొస్తాయి" అని సీటు కింద దాచొద్దని క్లీనరు కుర్రాడికి గట్టిగా చెప్పండి.